వరంగల్‌లోనే ఉండి ట్రాన్స్‌ప్లాంట్ నర్సింగ్‌లోకి రావచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. డయాలసిస్‌లో మూడేళ్లు చేశాను, ఇప్పుడు ఐసీయూలో ఉన్నాను. ట్రాన్స్‌ప్లాంట్ నర్సింగ్‌లోకి రావాలని ఉంది. పిల్లలు చిన్నవాళ్లు, హైదరాబాద్ వెళ్లి ఉండలేను. ఇక్కడ ఉండి సాధ్యమేనా? ఏ సర్టిఫికెట్ చేయాలి? కొత్త రీసెర్చ్ ఏది చదవాలి?"

సాధ్యమే సిస్టర్. నిజం చెప్పాలంటే మీరు ఇప్పటికే ఆ పనిలో ఉన్నారు, ఆ పేరుతో ఎవరూ పిలవలేదంతే. కిడ్నీ మార్పిడి ఆపరేషన్ హైదరాబాద్‌లో నాలుగైదు గంటల్లో అయిపోతుంది. దానికి ముందు డయాలసిస్ మీద గడిపే ఏళ్లు, ఆ తర్వాత కొత్త కిడ్నీ పనిచేసినన్నాళ్లు పేషెంటు ఉండేది ములుగులోనో, భూపాలపల్లిలోనో, మహబూబాబాద్‌లోనో. రాత్రి పదింటికి జ్వరమొస్తే ముందు వచ్చేది వరంగల్‌కే. కొత్త రీసెర్చ్‌లో మన చేతికి పనికొచ్చేదంతా ఈ రెండు చివర్ల గురించే. సర్టిఫికెట్ సంగతి చివర్లో చెప్తాను, కావాలనే.

ముందు మీ పాత డయాలసిస్ యూనిట్. హిమోగ్లోబిన్ తగ్గగానే "ఒక బాటిల్ రక్తం ఎక్కించేద్దాం" అనడం మన దగ్గర ఇంకా ఉంది. ఎక్కించిన ప్రతి రక్తంతో పరాయి హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే గుర్తింపు ప్రొటీన్లు) మీద యాంటీబాడీలు తయారయ్యే అవకాశం పెరుగుతుంది. రేపు వాళ్లమ్మ కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చినా క్రాస్‌మ్యాచ్ (దాత కణాలకు పేషెంటు రక్తం సరిపడుతుందో చూసే పరీక్ష) పాజిటివ్ వస్తే అంతే. ఐరన్, ఎరిత్రోపొయెటిన్ (రక్తం పెంచే ఇంజెక్షన్) సరిగ్గా ఇస్తూ రక్తం అవసరాన్ని తగ్గించడమే మార్పిడికి పేషెంటుని సిద్ధం చేయడం. హెపటైటిస్ బీ టీకా కూడా అంతే. డయాలసిస్ వాళ్లకు రెట్టింపు డోసు, 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో. మార్పిడి తర్వాత ఇస్తే ఒంట్లో స్పందన సరిగ్గా రాదు, కాబట్టి ముందే పూర్తవ్వాలి. మీ యూనిట్లో ఎంతమందికి నాలుగో డోసు పడిందో ఒకసారి ఫైళ్లు తీసి చూడండి. జీవన్‌దాన్ (రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం) జాబితాలో పేరు ఎక్కాలంటే మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే నమోదు కావాలన్న సంగతి కూడా చాలామంది పేషెంట్లకు తెలియదు. నాలుగు గంటలు మన ఎదురుగా కుర్చీలో కూర్చునే మనిషికి ఆ మాట చెప్పడానికి మనకంటే తీరిక ఎవరికి ఉంటుంది?

ఇక ఐసీయూ. 2023లో దేశం మొత్తం మీద మరణానంతర అవయవ దాతలు 1,099 మంది అయితే అందులో 252 మంది తెలంగాణ వాళ్లు, అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. ఆ ఘనత ఎక్కువగా హైదరాబాద్ ఆసుపత్రులదే. తలకు దెబ్బ తగిలిన కేసులు మాత్రం హైవేల మీద నుంచి వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంకీ, హన్మకొండ ఐసీయూలకీ రోజూ వస్తూనే ఉన్నాయి.

సక్షన్ (గొట్టంతో కఫం లాగడం) వేస్తుంటే దగ్గు రావడం లేదని ముందు తెలిసేది బెడ్ దగ్గరున్న నర్సుకే. నిన్నటిదాకా గంటకు 60 మి.లీ. ఉన్న యూరిన్ ఒక్కసారిగా 300, 400 దాటడం, చెయ్యి పెడితే ఒళ్లు చల్లబడుతుండటం, రెండు కంటిపాపలూ పెద్దవై లైటుకి కదలకపోవడం, ఇవన్నీ మన చార్టులోకి డాక్టర్ రౌండ్ కంటే ముందే వస్తాయి. రాసి ఊరుకోకుండా ఆ గంటలోనే డాక్టర్‌కు చెప్పాలి. ఇవి బ్రెయిన్ డెత్ (మెదడు శాశ్వతంగా ఆగిపోవడం) సూచనలు కావచ్చు, కానీ దాని నిర్ధారణ మన పని కాదు. చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి, ఫారం 10లో సంతకాలు పెట్టాలి. మార్పిడి చేసే బృందంలోని వాళ్లు అందులో ఉండకూడదు.

మన ప్రాంతంలో పనిచేసే నర్సు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కట్లపాము కాటు వేసిన మనిషి కూడా అచ్చం బ్రెయిన్ డెత్ లాగే కనిపించగలడు. కదలిక ఉండదు, కంటిపాపలు స్పందించవు, సొంత శ్వాస ఉండదు. లోపల మెదడు మాత్రం బాగానే ఉంటుంది, వెంటిలేటర్ మీద ఉంచి సమయమిస్తే తేరుకుని ఇంటికెళ్తాడు. పురుగుల మందు తాగిన కేసులోనూ ఇలాంటి మోసమే ఉంటుంది. రాత్రి పొలం కాడ పడుకున్నాడా, ఇంట్లో మందు డబ్బా ఏమైనా దొరికిందా అని బంధువుల్ని అడిగి ఆ జవాబుని కేస్‌షీట్‌లో రాయించడం చాలా పెద్ద పని. మత్తుమందు ప్రభావం, ఒంటి ఉష్ణోగ్రత, సోడియం, షుగర్ కూడా సరిచూసుకున్నాకే పరీక్ష మొదలవ్వాలి.

కుటుంబంతో మాట్లాడే విషయంలో పరిశోధనలన్నీ చెప్పేది దాదాపు ఒకటే. చనిపోయాడన్న మాట వేరు, దానం మాట వేరు. రెండూ ఒకే విడతలో చెప్పకూడదు. మొదటిది డాక్టర్ చెప్పాలి, అది వాళ్లకు అర్థమయ్యేదాకా ఆగాలి, రెండోది శిక్షణ ఉన్న ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ (దాత కుటుంబంతో మాట్లాడి దానం పనులు చూసుకునే వ్యక్తి) అడగాలి. మధ్యలో వాళ్లు మన దగ్గరికే వస్తారు. "గుండె కొట్టుకుంటాంది కద సిస్టరమ్మా, పాణం ఉన్నట్టే కద?" అంటారు. అప్పుడు "మెషిన్ మీద బతికున్నాడు" అన్న మాట పొరపాటున కూడా రాకూడదు. "మెషిన్ గాలి కొడుతోంది కాబట్టి ఛాతీ కదులుతోంది, గుండె కొంతసేపు కొట్టుకుంటుంది, మనిషి మాత్రం పోయాడు" అని నెమ్మదిగా, అదే మాట ప్రతి షిఫ్టులో ప్రతి సిస్టర్ చెప్పాలి. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెప్తే ఆ ఇంట్లో అనుమానం పుడుతుంది. ఆ తర్వాత ఎంత చెప్పినా పోదు.

సమ్మతి వచ్చాక దాత సంరక్షణ మొత్తం నర్సింగే. డయాబెటిస్ ఇన్‌సిపిడస్ (మెదడు దెబ్బతిని యూరిన్ అదుపు లేకుండా పోవడం) వల్ల నీళ్లన్నీ పోయి సోడియం 155 దాటితే కాలేయం దెబ్బతింటుంది, అందుకే వేసోప్రెసిన్ (యూరిన్ తగ్గించే హార్మోన్), గంటగంటకీ యూరిన్ లెక్క. బీపీ 100 పైన, యూరిన్ గంటకు 100 మి.లీ. పైన, రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 పైన, హిమోగ్లోబిన్ 10 అన్న పాత సూత్రం గుర్తుంచుకోవడానికి ఇప్పటికీ మంచిదే. థైరాయిడ్ హార్మోన్ డ్రిప్ సంగతి మాత్రం మారింది. దాత గుండె నిలబడాలని చాలా ప్రోటోకాల్స్‌లో దాన్ని పెట్టేవాళ్లు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో లెవోథైరాక్సిన్ ఇచ్చినందువల్ల మార్పిడికి పనికొచ్చిన గుండెల సంఖ్య పెరగలేదని తేలింది. మీ ఐసీయూ గోడ మీద పాత ప్రోటోకాల్ అతికించి ఉంటే దాన్ని మార్చమని ఇన్‌చార్జ్‌ని అడగడానికి ఇది మంచి కారణం. దాత ఒంటిని కాస్త చల్లగా ఉంచితే కిడ్నీలకు మంచిదని 2015లో ఒక ట్రయల్ చెప్పింది, తీసిన కిడ్నీని మెషిన్ పర్‌ఫ్యూజన్‌లో (కిడ్నీ గుండా ద్రవాన్ని పంపే యంత్రం) పెట్టడం దానికన్నా మేలని 2023లో ఇంకొకటి చెప్పింది. చదివి తెలుసుకోండి చాలు, సొంతంగా ప్రయత్నించేవి కావు.

నా దృష్టిలో ఈ మధ్య వచ్చిన పరిశోధనల్లో ప్రతి నర్సూ చదవాల్సినది వేరే ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసిన బెస్ట్-ఫ్లూయిడ్స్ ట్రయల్, 2023లో లాన్సెట్‌లో వచ్చింది. మరణించిన దాత నుంచి కిడ్నీ పొందిన దాదాపు 800 మందిలో సగం మందికి మామూలు సెలైన్, మిగతా సగానికి ప్లాస్మాలైట్ అనే బ్యాలెన్స్‌డ్ ఫ్లూయిడ్ పెట్టారు. ఆపరేషన్ తర్వాత మొదటి వారంలో డయాలసిస్ అవసరమైన వాళ్లు సెలైన్ గుంపులో 40 శాతం, ప్లాస్మాలైట్ గుంపులో 30 శాతం. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. స్టాండుకి ఏ బాటిల్ తగిలించామన్నదే తేడా. సెలైన్‌లో లీటరుకు 154 మిల్లీమోల్స్ క్లోరైడ్ ఉంటుంది, లీటర్ల కొద్దీ ఎక్కిస్తే ఒంట్లో ఆమ్లం పెరుగుతుంది, కిడ్నీకి రక్తప్రసరణ తగ్గుతుంది.

"కిడ్నీ పేషెంట్‌కి ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ ద్రావణం) వద్దు, అందులో పొటాషియం ఉంది" అని మనందరం నర్సింగ్ స్కూల్లో నేర్చుకున్నదే. ఆర్‌ఎల్‌లో పొటాషియం లీటరుకు 4 మిల్లీమోల్స్ ఉంటుంది, అది రక్తంలో ఉండాల్సిన స్థాయే. 2005లోనే అమెరికాలో ఒక చిన్న ట్రయల్ కిడ్నీ మార్పిడి సమయంలో ఆర్‌ఎల్‌నీ సెలైన్‌నీ పోల్చింది. పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది సెలైన్ ఇచ్చిన వాళ్లలోనే. ఆమ్లం పెరిగితే కణాల్లోంచి పొటాషియం బయటికి వస్తుంది, కారణం అది. ఆర్డర్ డాక్టర్‌దే, అందులో వాదన లేదు. "సర్, ఏది పెట్టమంటారు?" అని అడిగే నర్సుకీ, చేతికందిన బాటిల్ తగిలించే నర్సుకీ తేడా ఉంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను, మార్పిడి తర్వాత ఇంటికొచ్చిన పేషెంటు. ఎక్కువ కిడ్నీలు పోయేది ఇక్కడే.

పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన ఫాలోఅప్‌కి హైదరాబాద్ వెళ్లి రిపోర్టుతో మా దగ్గరికి వచ్చాడు. రక్తంలో టాక్రోలిమస్ (ఒళ్లు కొత్త కిడ్నీని తోసేయకుండా ఆపే మందు) స్థాయి అనుకున్నదానికన్నా బాగా ఎక్కువ. డోసు తగ్గించాలేమో అన్న చర్చ నడుస్తోంది. "ఆ రోజు పొద్దుగాల గోలీ ఎన్నింటికి ఏసుకున్నవ్ బాపూ?" అని అడిగితే, "కాజీపేటల రైలెక్కంగనే ఏసుకున్న సిస్టరమ్మా, మళ్ల మర్చిపోతనని" అన్నాడు. రక్తం తీసింది పదిన్నరకి. అది ట్రఫ్ (తర్వాతి గోలీకి ముందు రక్తంలో ఉండే కనిష్ఠ స్థాయి) కాదు, గోలీ పని మీదున్నప్పటి స్థాయి. దాన్ని చూసి డోసు తగ్గిస్తే వారం తిరిగేసరికి రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరించడం) మొదలయ్యే ప్రమాదం ఉంది. రాత్రి గోలీకి సరిగ్గా 12 గంటల తర్వాత, పొద్దుటి గోలీ వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. ఇది అందరికీ తెలుసు, డిశ్చార్జ్ కాగితంలోనూ ఉంటుంది. దూరం నుంచి రైల్లో వచ్చేవాళ్లకు అది ఎలా కుదురుతుందో కాగితంలో ఉండదు. పరీక్ష ముందురోజు రాత్రి గోలీ తొమ్మిదింటికో పదింటికో ఉండేలా డాక్టర్‌ని అడిగి టైమ్ మార్పించడం, పొద్దుటి గోలీని విడిగా పొట్లం కట్టి సంచిలో పెట్టి "రక్తం ఇచ్చినంకనే" అని రాయడం, ఈ రెండూ చేశాక ఆయన రిపోర్టులు నిలకడగా వస్తున్నాయి.

టాక్రోలిమస్ మీద ఇటీవలి పరిశోధన చాలావరకు ఈ నిలకడ గురించే. సగటు స్థాయి బాగున్నా, ఒక నెల 4, ఇంకో నెల 11 అంటూ ఊగిసలాడే పేషెంట్లలో దాత కిడ్నీకి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టడం, కిడ్నీ తొందరగా పోవడం ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనబడింది. కాబట్టి ఈ నెల రిపోర్టు ఒక్కటే చూడకండి. గత ఆరు రిపోర్టులు ఒక వరుసలో రాసుకోండి. ఊగిసలాట కనిపిస్తే కారణం వెతకండి. ఆ కారణాలు మన ఊళ్లలో ఇలా ఉంటాయి.

విరేచనాలు పట్టుకుంటే టాక్రోలిమస్ తగ్గుతుందని అనుకుంటాం. నిజానికి పెరుగుతుంది, పైగా నీరసం, నీళ్లు తగ్గిపోవడం. మే నెల ఎండల్లో ఇది మరీ ప్రమాదం. క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, డిల్టియాజెమ్ స్థాయిని పెంచుతాయి. రిఫాంపిసిన్, ఫెనిటోయిన్ పడగొడతాయి. టీబీ మందులు మొదలుపెడుతున్నారంటే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ వెళ్లకుండా ఒక్క గోలీ కూడా పడకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లునొప్పులకి వేసే డైక్లోఫెనాక్ సూది నేరుగా కిడ్నీ మీదే పడుతుంది. పసరు మందు ఎవరిచ్చారో చెప్పరు, తిట్టకుండా అడిగితేనే చెప్తారు. గ్రేప్‌ఫ్రూట్ వద్దని పుస్తకాల్లో ఉంటుంది, అది మన మార్కెట్లో కనబడదు. దాని చుట్టమైన పంపరపనస కనబడుతుంది, అదీ వద్దనే చెప్పండి. కల్లు సంగతి సిగ్గుపడకుండా మాట్లాడండి. మేడారం జాతరకు పోవచ్చా అని అడుగుతారు. మొదటి ఏడాదిలో వద్దని, తర్వాత డాక్టర్‌ని అడిగి, మాస్కు పెట్టుకుని, ఇంటి నీళ్లు తీసుకుని రద్దీ లేని రోజున పొమ్మని నేను చెప్తాను. పూర్తిగా వద్దంటే మనకు చెప్పకుండా పోతారు. స్టెరాయిడ్ మీదున్న మనిషికి జ్వరం పైకి తెలియకపోవచ్చు కాబట్టి 100 దాటితే చాలు, రేపు చూద్దాం అనకూడదు.

మందులు మానేయడం గురించి. 2007లో వచ్చిన ఒక విశ్లేషణలో కిడ్నీ పొందినవాళ్లలో ఏడాదికి నూటికి 36 మంది రోగనిరోధక శక్తిని అణిచే మందులు సరిగ్గా వాడట్లేదని లెక్క తేలింది. దీనికి మనం ఇచ్చే మందు ఒకటే, కౌన్సెలింగ్. అంటే క్లాసు పీకడం. అమెరికాలో సింథియా రస్సెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ బృందం 2020లో ప్రచురించిన ట్రయల్ వేరే దారి చూపింది. మాత్రల డబ్బా మూత ఎప్పుడు తెరిచారో నమోదు చేసే ఎలక్ట్రానిక్ మూత పెట్టి, ఆ లెక్క పేషెంటు ముందే పెట్టి, నీ రోజు ఎలా గడుస్తుంది, గోలీని ఏ పనికి జత చేస్తే మర్చిపోవు అని ఇద్దరూ కలిసి ఆలోచించారు. చదువు చెప్పడం కాదు, ఇంట్లో ఏర్పాటు మార్చడం. ఆరు నెలల చివరికి ఆ గుంపు మామూలు సలహాలు పొందిన గుంపుకన్నా చాలా మెరుగ్గా మందులు వాడింది. ఎలక్ట్రానిక్ మూత మనకు దొరకదు, ఆలోచన దొరుకుతుంది. పొద్దున్నే పాలు పితికే మనిషికి ఎనిమిదింటి గోలీ ఎప్పుడూ తప్పుతుంటే డాక్టర్‌ని అడిగి ఆరుకి మార్చండి. సింగరేణిలో షిఫ్టులు మారే కార్మికుడికి అన్ని షిఫ్టుల్లోనూ మెలకువగా ఉండే రెండు సమయాలు వెతకాలి. అది కాగితం మీద పేషెంటుతో కూర్చుని చేయాల్సిన పని, పావుగంట పడుతుంది.

దాతల్ని మర్చిపోకండి. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఆయన ఫైలు లావుగా ఉంటుంది, ఇచ్చిన భార్యకు అసలు ఫైలే ఉండదు. ఏడాదికోసారి ఆమె బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ చూడాలి. కెనడాలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో కిడ్నీ ఇచ్చాక గర్భం దాల్చిన వాళ్లలో బీపీ సమస్యలు 11 శాతం, ఇవ్వనివాళ్లలో 5 శాతం. దాత చిన్న వయసు అమ్మాయి అయితే ప్రసవం చూసే డాక్టర్‌కి ఈ సంగతి తెలియాలి. అలాగే కిడ్నీ పుచ్చుకున్న అమ్మాయి మైకోఫినోలేట్ (రోగనిరోధక శక్తిని అణిచే ఇంకో మందు) మీద ఉంటే, బిడ్డ కోసం అనుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడి కనీసం ఆరు వారాల ముందు ఆ మందు మార్పించుకోవాలి. ఆమె అత్తగారి ముందు ఈ మాట అడగదు, విడిగా మనమే అడగాలి.

పంది కిడ్నీ గురించి కూడా అడుగుతారు, యూట్యూబ్ పుణ్యమా అని. 2024 మార్చిలో బోస్టన్‌లో జన్యువులు మార్చిన పంది కిడ్నీని మొదటిసారి బతికున్న మనిషికి పెట్టారు, ఆయన రెండు నెలలకు చనిపోయాడు. తర్వాత ఇంకొందరికి పెట్టారు. ఇంకా ప్రయోగ దశే. దానికోసం ఎదురుచూస్తూ డయాలసిస్ మానొద్దని చెప్తే చాలు.

చదువుల సంగతి. అమెరికాలో ట్రాన్స్‌ప్లాంట్ నర్సులకిచ్చే సర్టిఫికెట్, సీసీటీఎన్ పరీక్ష పేరు మీరు విని ఉంటారు. విదేశం వెళ్లే ఆలోచన లేకపోతే ఇప్పుడే దానికి డబ్బు పెట్టొద్దు. మీకు పనికొచ్చేది కోఆర్డినేటర్ శిక్షణ. అవయవ మార్పిడి చట్టం కింద వచ్చిన 2014 నిబంధనల ప్రకారం ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా ఉండటానికి నర్సుకు అర్హత ఉంది. అవయవ దానం మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ మోహన్ ఫౌండేషన్ ఏళ్ల తరబడి ఈ శిక్షణ ఇస్తోంది, కేంద్ర ప్రభుత్వ అవయవ మార్పిడి సంస్థ నోట్టో కూడా ఇస్తుంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా నడిచే జీవన్‌దాన్ కార్యాలయాన్ని అడిగితే రాష్ట్రంలో జరిగే శిక్షణల కబురు తెలుస్తుంది. 2025 మార్చిలో మన శాసనసభ కేంద్రం 2011లో చేసిన అవయవ మార్పిడి చట్ట సవరణను స్వీకరిస్తూ తీర్మానం చేసింది. మార్పిడి చేయని ఆసుపత్రి కూడా అవయవాల సేకరణ కేంద్రంగా నమోదు కావడానికి ఆ సవరణలో వీలుంది. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఐసీయూ నర్సులకి రాబోయే అవకాశం అక్కడుందని నా నమ్మకం. రెండేళ్లు కేటాయించగలిగితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు గట్టిది.

చదవడానికి డబ్బు అక్కర్లేదు. కిడ్నీ మార్పిడి పేషెంట్ల సంరక్షణ మీద 2009లో, బతికుండగా ఇచ్చే దాతల మీద 2017లో, మార్పిడికి ముందు పరీక్షల మీద 2020లో కేడిగో (కిడ్నీ వైద్య మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ సంస్థ) ఇచ్చిన మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి. ఇండియన్ జర్నల్ ఆఫ్ ట్రాన్స్‌ప్లాంటేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, మన దేశపు టీబీ, మన దేశపు ఖర్చులు అందులోనే కనబడతాయి. నర్సులు, కోఆర్డినేటర్ల పరిశోధనకి ప్రోగ్రెస్ ఇన్ ట్రాన్స్‌ప్లాంటేషన్ అనే జర్నల్ ఉంది. పూర్తి వ్యాసం దొరక్కపోతే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో సారాంశం చదవండి. ఇంగ్లిష్ టెన్షన్ పెట్టుకోకండి, వారానికి ఒక్కటి చాలు. ఎవరి మీద చేశారు, ఏది దేనితో పోల్చారు, చివరికి ఏం లెక్కపెట్టారు, ఈ మూడూ మీ మాటల్లో నోట్‌బుక్‌లో రాసుకోగలిగితే ఆ వ్యాసం మీకు వచ్చినట్టే.

సొంతంగా ఒక చిన్న అధ్యయనం చేయాలనుకుంటే ట్రఫ్ టైమ్‌తోనే మొదలుపెట్టండి. మీ ఆసుపత్రికి వచ్చే మార్పిడి పేషెంట్లలో చివరి డోసు ఎన్నింటికి, రక్తం ఎన్నింటికి తీశారు, రెండింటి మధ్య ఎన్ని గంటలు, ఎంత దూరం నుంచి వచ్చారు. నాలుగు గడుల రిజిస్టర్, ఆరు నెలలు. పేషెంటు పేరు బదులు నంబర్ వేయండి. మొదలుపెట్టే ముందే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి చెప్పి, మీ ఆసుపత్రి ఎథిక్స్ కమిటీకి రెండు పేజీల దరఖాస్తు ఇవ్వండి. తర్వాత అనుమతి తెచ్చుకుందామంటే ఏ జర్నలూ ఒప్పుకోదు. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే మీరు రాసినంతవరకు ఇక్కడే పెట్టండి, చూసి దిద్ది ఇస్తాను.